మగ్గం ఆగినందుకు కారణం

ఆగస్టు పదమూడు, బుధవారం. ఆ రోజు మధ్యాహ్నం మేము తిన్నది ముందురోజు మిగిలిన రాగిసంగటి. నా కోడలు గీతాంజలి దాన్ని మజ్జిగలో పిసికి, ఉప్పు వేసి, పక్కన రెండు ఊరమిరపకాయలు పెట్టి తెచ్చింది. వీధిలో శవం ఉన్నంతసేపూ నగరిలో మా మగ్గాల వీధిలో పొయ్యి వెలగదు, మగ్గం ఆడదు. మా వీధిలో ఉండే తిరుమలమ్మ తెల్లవారుజామున కన్నుమూసింది. ఆమెను వీధి మలుపు దాటించేసరికి సాయంత్రమైంది. అంతవరకూ మా షెడ్డుతో సహా అన్ని షెడ్లూ మూగబోయాయి.

ఎందుకు ఆగారని ఆ రోజు మమ్మల్ని అడిగింది ఒక్కటే. మా మగ్గాలకు బిగించిన పెట్టె.

దానికి మా ఇంటివాళ్ళు చెప్పిన జవాబు వల్ల, శనివారం పొద్దున మా షెడ్డు గుమ్మం ముందు ఒక ట్రాక్టరు ఇటుకలు దిగాయి.

"ఏందిరా ఇది?" అన్నాను నా తమ్ముడు ధనుంజయతో.

"ఇటికెలు."

"అది కనపడతానే ఉండాది. ఎందుకని అడగతా ఉండా."

"షెడ్డు నడిమధ్యన గోడ పెడతా. తూరుపు పక్క మగ్గాలు నీవి, పడమర పక్కవి నావి. నీ పక్క నీ కోడలు ఎన్ని పెట్టెలైనా తగిలించుకోనీ. నా పక్కకు మాత్రం వద్దు."

 షెడ్డు మా నాయన కట్టింది. నడుమ గోడ రాకుండా ఉండాలని ఆయన ఆ రోజుల్లోనే పెద్ద దూలాలు తెప్పించాడు. ఈ చివర నిలబడితే ఆ చివరి మగ్గం కనిపించాలన్నది ఆయన పట్టుదల. ఆ మాట ధనుంజయకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు. దూలాలు ఎక్కించిన రోజు వాడు నాయన భుజాల మీద కూర్చుని చూశాడు.

ట్రాక్టరువాడు ఇటుకలను మరీ గుమ్మానికి ఆనించి దించాడు. తెరిచి ఉన్న షెడ్డు తలుపు ఎడమ రెక్క ఇటుకల వెనక ఇరుక్కుంది. ఎవరూ పట్టించుకోలేదు.

నా కొడుకు ప్రతాప్ నూలు కోసం ఈరోడ్ వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో లేనందుకు వాడు అదృష్టవంతుడనిపించింది.

*

పెట్టెలు వేసవిలో వచ్చాయి. నాయుడుపేట దగ్గర ఆసుపత్రి దుప్పట్లు కుట్టే కంపెనీ ఒకటి మాకు గుడ్డ నేసే పని ఇచ్చి, ఒక షరతు పెట్టింది. ప్రతి మగ్గానికీ అరచేయంత పెట్టె ఉండాలి. మగ్గం ఆడుతుంటే దాని మీద పచ్చదీపం, ఆగితే ఎర్రదీపం. ఆగిన కాసేపటికి కంపెనీ ఇచ్చిన టాబ్ కూత పెట్టి కారణం అడుగుతుంది. తెర మీద బొమ్మలుంటాయి. నూలు లేదు, పడుగు దారం తెగింది, మరమ్మతు, మనిషి లేడు, కరెంటు లేదు. ఏదో ఒకటి నొక్కేదాకా అది ఊరుకోదు. నొక్కింది నొక్కినట్టు అక్కడ నాయుడుపేటలో కనిపిస్తుంది.

ఆ పని తెచ్చింది గీతాంజలి. తిరుపతిలో ఎంబీఏ చదివింది. వారంలో సగం రోజులు ఊరికే పడుండే మా మగ్గాలు ఆమె వచ్చాక రోజూ ఆడుతున్నాయి. అది ధనుంజయ కూడా కాదనడు.

గురువారం కంపెనీ నుంచి కబురు వచ్చింది. బుధవారం రోజంతా మీ మగ్గాలన్నిటికీ "కరెంటు లేదు" అని నొక్కారు, కానీ మా పెట్టెలు నడిచేది మీ కరెంటు మీదే, అవి రోజంతా మాకు సమాచారం పంపుతూనే ఉన్నాయి, శనివారం మా మనిషి వచ్చి మాట్లాడతాడు, పని కొనసాగించేదీ లేనిదీ ఆ తర్వాత చెబుతాం అని.

పని పోతే ఆ నెపం మీద ధనుంజయ వేరుపడతాడు, గోడ లేస్తుంది. అది మా అందరికీ తెలుసు. నాకు అన్నం దిగనిది అందుకే.

*

"కరెంటు లేదని కరెంటు పెట్టెకే సెప్పినారంట!" ధనుంజయ తిన్నె మీద కూర్చుని నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "ఎదురుగా నిలబడి నేను ఊర్లో లేనని సెప్పినట్టుండాది. ఎంబీయే సదివితే ఇదేనా నేర్పించేది?"

గీతాంజలి కాఫీ గ్లాసులు తిన్నె మీద పెట్టింది. "తప్పయింది చిన్నమామా."

"ఎవురిదమ్మా తప్పు?"

"నాదే. నేనే నొక్కినా."

అరుగు చివర బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఉదయలక్ష్మి చేతులు చేటలో ఆగిపోయాయి. ఆమె ధనుంజయ భార్య. వంచిన తల ఎత్తలేదు. కాసేపటికి వేళ్ళు మళ్ళీ కదిలాయి కానీ, ఏరిన రాయినే మళ్ళీ చేటలో వేసింది.

బుధవారం గీతాంజలి టాబ్ ముట్టలేదని నాకు తెలుసు. పొద్దున్నించి ఆమె తిరుమలమ్మ ఇంట్లోనే ఉంది. వచ్చేపోయేవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ, ఏడ్చి సొమ్మసిల్లిన ఆడవాళ్ళను లేవదీస్తూ. మధ్యలో ఒక్కసారి మాత్రం వచ్చి నాకు సంగటి పెట్టి వెళ్ళింది. ఆ మాట నేను బయటికి అనలేదు. మీద వేసుకున్న బరువును ఆమె ఎవరి కోసం వేసుకుందో ఆమెకు తెలుసు. దాన్ని లాగేసే హక్కు నాకు లేదనిపించింది.

"అబద్ధం సెప్పి నిలబెట్టుకొనే పని మనకెందుకు?" అన్నాడు ధనుంజయ. "నా షెడ్డులో మగ్గం నిలిచిందని నాకన్నా ముందు నాయుడుపేటోడికి తెలవాల్నా? నేను మూత్రానికి పోయినా వాడికి లెక్క సెప్పాల్నా?"

"మగ్గం సంగతే అది చెప్పేది, మీ సంగతి కాదు."

"మగ్గమంటే నేను గాక ఇంగెవురు?"

షెడ్డు గుమ్మంలో నిలబడి కుప్పమ్మ ఇదంతా వింటోంది. మా దగ్గర చాలా ఏళ్ళుగా మగ్గం మీద ఉన్న మనిషి. మగ్గాల హోరులో బతికిన గొంతు కనుక ఆమె గుసగుసలాడినా వీధి చివరకు వినిపిస్తుంది.

"సిన్నన్నా, ఒక మాట. మునుపు మగ్గం నిలిస్తే నువ్వు నా మీద అరిసేవాడివి. మొన్న నిలిచి నిలిచి సంపుతా ఉంటే, ఆ పెట్టె సూసి, నూలే పాడు నూలు వచ్చిందని మన గీతాంజలి పాప కనిపెట్టె. నూలు మార్చినారు. నా తప్పు కాదని తేలిపాయ. ఇప్పుడు నువ్వు నన్నిడిసి పెట్టె మీద అరస్తా ఉండావు. నాకు సుఖంగా ఉండాది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ధనుంజయ మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కంపెనీ ఆయనొస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని సెప్పేద్దాం," అంది కుప్పమ్మ మళ్ళీ. "ఎవురు పోయి సూస్తారు?"

"ఇంక అబద్ధం వద్దు కుప్పమ్మా," అంది గీతాంజలి. "నిజం చెప్తే ఏమైతే అది కానీ."

"నిజమేందమ్మా?" ధనుంజయ లేచి నిలబడ్డాడు. "మా వీధిలో మనిషి పోతే మగ్గం ఆపుతాం, రేపు పోయినా ఆపుతామని సెప్తావా? సెప్పు. వాడు పని ఇస్తాడేమో సూద్దాం. పెట్టెలు బిగించేటప్పుడు ఇది గుర్తు రాలేదా? ఆ రోజు నేను పూతలపట్టులో పెండ్లికి పోయుంటి. తిరిగొచ్చి సూస్తే ప్రతి మగ్గానికీ ఒక కన్ను అంటించి పెట్టినారు. నన్ను అడగల్లేదే ఒక్క మాట! అడిగుంటే అప్పుడే సెప్పుందునే!"

 కాఫీ మీద మీగడ కట్టింది. ఎవరూ తాగలేదు.

*

కంపెనీ మనిషి పదిగంటలు దాటాక మోటారుబైకు మీద వచ్చాడు. పేరు మునిశేఖర్. ముప్పై ఏళ్ళుంటాయేమో. వాళ్ళది వడమాలపేట. నిన్న జెండా పండగ సెలవని ఇంటికి వచ్చి, అక్కడి నుంచి తిన్నగా మా ఊరు చేరాడు. ఇటుకల కుప్ప చుట్టూ తిరిగి లోపలికి వస్తూ, "ఏమైనా కట్టిస్తున్నారా సార్?" అన్నాడు.

"ఇంకా తేలలేదు," అన్నాను.

గీతాంజలి అతన్ని తిన్నె మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. మా వీధి పద్ధతి ఇది. మనిషి పోతే, శవం మలుపు దాటేదాకా అన్ని షెడ్లూ ఆగుతాయి. బొమ్మల్లో ఆ కారణం లేదు. కరెంటు లేదని నొక్కాం. అది తప్పు.

మునిశేఖర్ గ్లాసు కింద పెట్టాడు.

"మేడం, ఆగినందుకు మాకేమీ బాధ లేదు. ఆగడం ఏ ఫ్యాక్టరీలో అయినా ఉంటుంది. కరెంటు లేదని వస్తే మేమేం చేస్తాం? గంటలోనో రెండు గంటల్లోనో వస్తుందిలే అని మీ గుడ్డ కోసం ఆగుతాం. బుధవారం సాయంత్రం దాకా ఆగాం. మనిషి పోయారు, సాయంత్రం దాకా మగ్గం ఆడదు అని ముందే చెప్పుంటే వేరే చోటి నుంచి గుడ్డ తెచ్చుకునేవాళ్ళం."

"తెచ్చుకోకుంటే ఏమాయ?" అన్నాడు ధనుంజయ.

అతను ధనుంజయ వైపు తిరిగాడు. ఆఫీసు భాష వదిలేశాడు.

"మా తావ కుట్టే ఆడోళ్ళకు కుట్టినదానికే కూలి అన్నా. గుడ్డ లేక మిషన్ల ముందర అట్లనే కూసున్యారు. ఒట్టి చేతుల్తో బస్సెక్కినారు. మీరు వాళ్ళను సూల్లేదు, వాళ్ళు మిమ్మల్ని సూల్లేదు."

చేట నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

ఉదయలక్ష్మి లేచి వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మునిశేఖర్‌ను కాక నన్ను చూస్తూ మాట్లాడింది.

"బావా, ఆ పాప నొక్కల్లేదు. నేను నొక్కినా."

"ఉదయా!" అన్నాడు ధనుంజయ.

"నువ్వు రొంత గమ్మునుండు." ఆ మాట ఆమె నోట నలుగురిలో నేను వినడం అదే మొదటిసారి. "టాబు నా చేతికిచ్చి పాప తిరుమలమ్మత్త ఇంటికి పాయ. వీధంతా ఒక్క చప్పుడు లేదు. శవాన్ని బయట పండబెట్టి ఉండారు. ఇది మాత్రం కూస్తానే ఉండె. వాకిట్లో వాళ్ళంతా తిరిగి తిరిగి మా ఇంటి పక్కే సూస్తా ఉండిరి. సిగ్గుతో సచ్చిపోయినాను. దాన్ని కొంగులో సుట్టినా. బియ్యం డబ్బాలో పెట్టినా. అది ఊరుకుంటేనా?"

"నాకు చెప్పుంటే సరిపోయేది చిన్నత్తా," అంది గీతాంజలి మెల్లిగా.

"శవం తావ కూసున్నదాన్ని ఎట్ల పిలిసేది? సరే, ఏదో ఒకటి నొక్కుదామని సూస్తి. అన్నీ అబద్ధాలే. మనిషి లేడని నొక్కితే కుప్పమ్మోళ్ళకు మాటొస్తాది. నూలు లేదని నొక్కితే ప్రతాప్‌కు మాట. మరమ్మతని నొక్కితే ఈయనకు మాట. పడుగు తెగిందని నొక్కుదునా, సావు జరిగిన పూట తెగిందనే మాట ఎట్ల అంటాను? కరెంటోడికైతే ఎవురూ ఏమీ అనరు. వాణ్ణి దినామూ అందురూ తిడతానే ఉంటారు. ఇంగొక్క తూరి తిడితే వాడికేమని..." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎవురికీ నొప్పి లేనిది సూసి నొక్కినాననుకుంటి. ఆ కుట్టే ఆడోళ్ళు ఉండారని నాకు తెలవదు నాయనా."

మునిశేఖర్ తల దించుకున్నాడు. నవ్వు వచ్చిందో, మరేదైనా వచ్చిందో, మజ్జిగ గ్లాసు చాలాసేపు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ధనుంజయ భార్యనూ, గీతాంజలినీ మార్చి మార్చి చూశాడు. పొద్దున్నించి తను తిట్టింది ఎవరి తప్పుకో, ఆ తిట్లు ఎవరు మోశారో వాడికి అర్థమవుతోంది.  

*

"ఆరో బొమ్మ ఒకటి చేర్పించగలను," అన్నాడు మునిశేఖర్ చివరకు. "దాని కింద ఏం రాయమంటారు?"

"సావు అని రాయి," అంది కుప్పమ్మ గుమ్మంలోంచి.

"వద్దమ్మా, ఆ మాట పొద్దస్తమానం మగ్గం ముందర మెరుస్తా ఉంటే ఎట్ల పని సేసేది?" అంది ఉదయలక్ష్మి.

"సెలవు అని పెడదామా?" అన్నాడతను.

"ఎవుడికి సెలవు?" ధనుంజయ కస్సుమన్నాడు. "సెలవంటే కాలు మీద కాలేసుకోని పండుకొనేది. పోయినోళ్ళ ఇంటి ముందర కట్టెలు మోసేది సెలవా?" ఆగి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "వీధి ఆగింది అని పెట్టు."

మునిశేఖర్ ఆ మాటను ఫోనులో ఎక్కించుకున్నాడు. గీతాంజలి నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. పెట్టెలు వచ్చినప్పటి నుంచీ వాటి గురించి ధనుంజయ ఒక మాట అందించడం అదే మొదలు. దాన్ని గమనించినట్టు కనిపిస్తే వాడు వెనక్కు తీసుకుంటాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"పైవాళ్ళు రెండు విషయాలు అడుగుతారు సార్," అన్నాడు మునిశేఖర్ నాతో. "మొదటిది, ఏడాదికి ఎన్నిసార్లు?"

"ఏంది ఎన్నిసార్లు?"

"వీధి ఆగేది."

 నేను వీధిలోకి చూశాను. ఎదురింటి అరుగు మీద ముసలి వెంకటముని ఎండలో కాళ్ళు చాపుకుని, మా ఇంట్లో ఏం జరుగుతోందా అని ఆసక్తిగా చూస్తున్నాడు. నేను చూడటం చూసి చెయ్యి ఊపాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే ఆ వరస అరుగుల మీద మనుషులను వేలితో లెక్కపెట్టడమే.

"యముడికి ఫోను సేసి కనుక్కో నాయనా," అంది కుప్పమ్మ. "ఆయప్ప తావ కూడా ఒక టాబు ఉంటాదేమో."

మునిశేఖర్ నవ్వాడు. ఉదయలక్ష్మి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు అయిపోయాక ప్రశ్న అక్కడే ఉంది.

"లెక్క చెప్పలేం," అంది గీతాంజలి. "కానీ ఆగిన ప్రతిసారీ గంటలోపల నిజం చెప్తాం. ఆ రోజు నేయాల్సిన గుడ్డ ఆ వారం ఆదివారం నేసిస్తాం. అట్లా చెప్పండి మీవాళ్ళకు."

"బాగుండాదే!" కుప్పమ్మ నడుము మీద చేయి పెట్టుకుంది. "నా ఆదివారం నువ్వెట్ల ఇచ్చేస్తావు పాపా? నన్ను అడిగినావా?"

గీతాంజలి చప్పున కుప్పమ్మ వైపు తిరిగింది.

ధనుంజయ మాత్రం గీతాంజలినే చూస్తున్నాడు. ఈసారి నవ్వలేదు. "తెలిసిందా?" అన్నాడు. అంతే.

 గీతాంజలి షెడ్డు గుమ్మం దాకా నడిచి, కుప్పమ్మ ఎదురుగా నిలబడి, "అడగతా ఉండా కుప్పమ్మా. ఆదివారం వస్తావా? రాలేనంటే వేరే దారి చూద్దాం," అంది. మా ఇంటికి వచ్చిన ఇన్నాళ్ళలో ఆమె మా యాసలో మాట్లాడటం అరుదు.

"తిరుమలమ్మత్త లాంటోళ్ళ కోసమైతే వస్తా," అంది కుప్పమ్మ. "కోడి కూర వండి పెట్టాల. మిగతావాళ్ళను కూడా అడుగు. నేను వాళ్ళకు బదులు సెప్పను."

మునిశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "రెండోది. ఆ ఆరో బొమ్మ ఎవరు బడితే వాళ్ళు నొక్కడానికి లేదు. ఒక్క మనిషి వేలిముద్రకే అది తెరుచుకోవాలి. ఆ మనిషి మాట షెడ్డులో వాళ్ళూ వినాలి, వీధిలో వాళ్ళూ నమ్మాలి. పేరు సోమవారానికల్లా నాకు పంపండి. పేరు వస్తే నేను పైవాళ్ళతో గట్టిగా మాట్లాడతాను. రాకపోతే..." బైకు తాళంచెవి వేలికి తిప్పుకున్నాడు. "ఇంకొకటి సార్. ఈ వీధిలో నలుగురు మమ్మల్ని పని అడిగారు. పెట్టెలు పెట్టుకుంటారా అంటే, ధనుంజయన్న ఏమంటాడో సూసి సెప్తామన్నారు."

ధనుంజయ తల చటుక్కున పైకి లేచింది. "ఎవురు?"

"పేర్లు చెప్పొద్దన్నారన్నా."

బైకు ఇటుకల కుప్ప చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

గీతాంజలి ధనుంజయ ముందుకు వచ్చి నిలబడింది. "పెట్టెలప్పుడు అడగలేదు చిన్నమామా. ఇప్పుడు అడుగుతున్నా. ఆ వేలు మీది పెడతారా?"

వాడు తన కుడి చేతిని తిప్పి చూసుకున్నాడు. నూలు రాసుకుని రాసుకుని బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ అంగట్లో కూడా ఆ వేలు నాలుగుసార్లు పెట్టాలి.

"నా వేలు ఏ మిషనూ ఒప్పుకోదు," అని లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అది కాదన్నట్టో, మరేమన్నట్టో మాకెవరికీ తెలియలేదు. కంపెనీ మనిషి కోసం పొద్దున్నించి ఆపి ఉంచిన మగ్గాలు ఒక్కటొక్కటే మొదలయ్యాయి. ఆ హోరులో అడగడానికి ఇంకేమీ మిగల్లేదు.

*

సాయంత్రం నేను తిన్నె మీదే కూర్చున్నాను. లోపల ఉదయలక్ష్మీ, గీతాంజలీ ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు. ఏదో మాట్లాడుకుంటున్నారు. మాటలు వినిపించలేదు కానీ, పొద్దున ఆ ఇద్దరి మధ్య ఉన్న జంకు గొంతుల్లో లేదు.

నాకు నా భార్య అమల గుర్తొచ్చింది. మగ్గాల ఇంట్లో మొగుడూ పెళ్ళాం అరుచుకునే మాట్లాడుకుంటారు. కాపురం మొదలుపెట్టిన నాటి నుంచీ మేమూ అంతే. ముద్దు మాటైనా అరిచే చెప్పాలి. తిరుపతి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పక్క మంచాల వాళ్ళకు ఇబ్బంది అని నేను గొంతు తగ్గించి మాట్లాడాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మెల్లిగా మాట్లాడితే నీ గొంతు ఇట్లుంటాదా? బాగుండాదే," అంది. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

ఆమెను తీసుకుపోయిన రోజు వీధి ఆగింది. ఆ రోజు ఎవరికి ఎంత పని చేతిలో ఉందో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆగారు, అంతే. ఆ నిశ్శబ్దంలో నేను చివరిసారి ఆమె దగ్గర కూర్చుని, అరవాల్సిన పని లేకుండా, ఆమెకు నచ్చిన గొంతుతోనే నాలుగు మాటలు చెప్పుకోగలిగాను.

ఆ రోజు కూడా ఎక్కడో ఎవరో ఒట్టి చేతులతో బస్సెక్కి ఉంటారు. ఈ సంగతి నాకు ఇవాళ పొద్దున దాకా తట్టలేదు. తట్టాక, ఆ నిశ్శబ్దం విలువ తగ్గలేదు. కాస్త బరువెక్కింది.

చీకటి పడింది. మగ్గాలు ఒక్కటొక్కటే ఆగాయి. కుప్పమ్మ టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఇక ధనుంజయ మెయిన్ స్విచ్ లాగే చప్పుడు రావాలి. పెట్టెలు వచ్చినప్పటి నుంచీ వాడు ప్రతి రాత్రీ షెడ్డు మూసే ముందు ఆ స్విచ్ దించేస్తాడు. పెట్టెలన్నీ గుడ్డివైపోతాయి. "నిద్దరపోయేది కూడా వాళ్ళు సూడాల్నా?" అంటాడు. ఆ చప్పుడు మా వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. గీతాంజలి రోజూ ఆ చప్పుడుకు పెదవి కొరుక్కుంటుంది.

ఇవాళ లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె కూడా వింటోందని తెలిసింది.

స్విచ్ చప్పుడు రాలేదు.

ధనుంజయ గుమ్మంలోకి వచ్చి వెనక్కు తిరిగి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోడ లేని ఆ పొడవునా, ఎర్రదీపాలు వరుసగా వెలుగుతున్నాయి. షెడ్డు మూసే వేళ దాటాక అవి ఎవరినీ కారణం అడగవు.

వాడు తలుపు లాగాడు. ఎడమ రెక్క రాలేదు. ఇటుకలు అడ్డం ఉన్నాయి.

కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. నేను లేవబోయి, కూర్చుండిపోయాను. వాడు వంగి, తలుపుకు అడ్డమొచ్చిన ఇటుకలను మాత్రం ఒక్కొక్కటీ తీసి పక్కన పేర్చాడు. మిగతా కుప్పను ముట్టుకోలేదు.

తర్వాత నిద్రపోతున్న పసిబిడ్డ గది తలుపు మూసినట్టు, చప్పుడు కాకుండా, షెడ్డు తలుపు రెండు రెక్కలూ దగ్గరికి చేర్చి గడియ పెట్టాడు.